మొదటి దెబ్బ

దుర్గ్ వెళ్ళే లోకల్ రైలు భిలాయి-3 స్టేషన్ వదిలి వేగం అందుకుంది. ముందున్న గేటు దగ్గర ఒక పసుపు రంగు సిటీ బస్సు అడ్డకర్రను విరగ్గొట్టుకుని పట్టాల మీదికి రావడం రైలు నడుపుతున్న ప్రసూన చూసింది.

గేటు మూసే ఉంది. సిగ్నల్ ఆకుపచ్చగా ఉంది. కర్రకు అవతల స్కూటర్లు, సైకిళ్ళు, కూరగాయల బండ్లు బుద్ధిగా ఆగి ఉన్నాయి. వాటి పక్కనుంచి ఆ బస్సొక్కటే బ్రేకులు లేనిదానిలా వాలులో దూసుకొచ్చింది. కర్రను తోసేసి, ఎగిరిపడి, సరిగ్గా ప్రసూన వస్తున్న లైను మీద ఆగిపోయింది.

ప్రసూన ఎమర్జెన్సీ బ్రేకు వేసింది. హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. చక్రాలు పట్టాలను కోస్తున్నట్టు అరిచాయి. నిప్పురవ్వలు లేచాయి. రైలు ఆగుతోంది, కానీ ఆగడానికి కావలసిన దూరం లేదు. ఆ సంగతి ఆమెకు బ్రేకు వేసిన క్షణంలోనే తెలిసిపోయింది. ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి ఆమె.

బస్సు డ్రైవరు ముందు తలుపులోంచి దూకి పరుగెత్తాడు. అతని వెనక నలుగురైదుగురు దూకారు. బస్సు వెనక భాగంలో మాత్రం జనం ఒకేచోట గుమిగూడి, ఒకరి మీద ఒకరు పడుతూ, దేన్నో గుద్దుతున్నారు. అక్కడ ఎమర్జెన్సీ తలుపు ఉండాలి. అదెందుకు తెరుచుకోవడం లేదో ప్రసూనకు అర్థం కాలేదు. కిటికీ గాజుకు రెండు అరచేతులూ ఆనించి, తెల్లకోటు వేసుకున్న ఒకామె నేరుగా తనకేసి చూస్తోంది. ఆమె నోరు తెరిచి ఉంది. అరుపు మాత్రం హారన్‌లో కలిసిపోయింది.

తరువాత గుద్దుకుంది.

ముందద్దం పగిలి ముఖం మీదికి వచ్చింది. ప్రసూన నుదురు ఎదురుగా ఉన్న ఇనుపబల్లకు కొట్టుకుంది. రైలు బస్సును రెండు ముక్కలు చేసింది. ముందు ముక్కను కిందికి లాక్కుని నలుపుకుంటూ పోయింది. వెనక ముక్క గిరగిరా తిరిగి పక్క లైను మీద పడింది. రేకు చిరుగుతున్న చప్పుడు, ఎముకలు విరుగుతున్న చప్పుడు వేరువేరుగా వినిపించాయని ప్రసూన తరువాత చాలాకాలం అనుకునేది. అలా వినిపించే వీల్లేదని కూడా ఆమెకు తెలుసు.

రైలు ఆగింది.

*

కొర్నేలి గేటుకు ఇవతలి వైపు స్కూటర్ మీద ఉన్నాడు. స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. గేటుకు అవతల క్యాంప్ 2లో ఇల్లు. పొద్దుటి షిఫ్టు దిగి, భిలాయి-3లో చర్చి పని ఒకటి చూసుకుని తిరిగి వెళ్తున్నాడు. అతని భార్య డోర్కాస్ భిలాయి-3లోనే ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో నర్సు. సాయంత్రం డ్యూటీకి ఆమె రోజూ ఎక్కేది ఆ పసుపు బస్సే.

కర్ర విరగడం చూశాడు. బస్సు ఆగడం చూశాడు. వెనక కిటికీలో తెల్లకోటు చూశాడు. స్కూటర్ అక్కడే పడేసి పరుగెత్తాడు. రైలు అతని ముఖం ముందునుంచి వెళ్ళింది. గాలికి వెనక్కి పడ్డాడు.

లేచేసరికి దుమ్ము. దుమ్ములో ముందు ఒక చెప్పు, తరువాత ఒక టిఫిన్ డబ్బా, తరువాత ఒక చెయ్యి కనిపించాయి. ఆ చేతికి గాజులున్నాయి. డోర్కాస్ గాజులు వేసుకోదు. కొర్నేలి ఆ చేతిని దాటి వెళ్ళాడు. పక్క లైను మీద పడి ఉన్న బస్సు ముక్క దగ్గరికి చేరి, "డోర్కాసూ! ఓ డోర్కాసూ!" అని కేకలు పెట్టాడు. లోపలినుంచి మూలుగులు వస్తున్నాయి. సీట్లన్నీ ఒక కుప్పయి ఉన్నాయి. ఆ కుప్ప కిందినుంచి నెత్తురు చిన్న కాలువలా వచ్చి రాళ్ళలోకి ఇంకుతోంది. కుప్ప మధ్యలో తెల్లగుడ్డ ఒకటి కనిపించింది. అది తెల్లగా లేదు. చెయ్యి పెట్టి లాగాడు. కదలలేదు. మళ్ళీ పిలిచాడు. జవాబు లేదు.

చచ్చిపోయింది, అనుకున్నాడు.

చుట్టుపక్కల బస్తీల నుంచి, దుకాణాల నుంచి, ఆగిన రైల్లోంచి జనం వచ్చి పడ్డారు. కొందరు పట్టాల మీద కూర్చుని క్షతగాత్రుల తలలు ఒళ్ళో పెట్టుకున్నారు. కొందరు రేకులు పీకుతున్నారు. కొందరికి చేయడానికేమీ లేదు. వాళ్ళు అరుస్తున్నారు. బస్సు డ్రైవరు కోసం వెతికారు, దొరకలేదు. అప్పుడెవరో రైలు ముందువైపు చెయ్యి చూపించి, "డ్రైవర్ భాగ్ రహీ హై! పకడో!" అని, డ్రైవరు పారిపోతోంది పట్టుకోండని అరిచారు.

కొర్నేలి తలెత్తాడు. నీలం యూనిఫామ్ వేసుకున్న ఒకామె ఇంజను గదిలోంచి దిగి, పక్క లైను వెంట ముందుకు పరుగెడుతోంది.

విరిగిన అడ్డకర్ర ఇనుపగొట్టం ముక్కొకటి కాళ్ళ దగ్గరుంది. దాన్ని ఎప్పుడు చేతిలోకి తీసుకున్నాడో అతనికి గుర్తులేదు. అందరికంటే ముందు ఆమెను చేరింది అతనే. వెనకనుంచి, రెండు చేతులతో, ఆమె కుడి భుజం మీద కొట్టాడు.

*

ప్రసూన పారిపోవడం లేదు.

రైలు ఆగీ ఆగగానే కళ్ళలోకి కారుతున్న నెత్తురు తుడుచుకుని, ప్రమాదాన్ని తెలిపే ఫ్లాషర్ లైటు వేసింది. వాకీటాకీలో స్టేషన్‌ను పిలిచింది. ఆమె సంగతి చెప్పగానే అటునుంచి మాట వచ్చింది. ఎదురు లైనులో బొగ్గు గూడ్సు బయలుదేరింది, చివరి సిగ్నల్ కూడా దాటేసింది, దాని డ్రైవరు వాకీటాకీలో పలకడం లేదు. ఆ లైను మీదే బస్సు ముక్క ఉంది. ఆ లైను మీదే వందమంది కూర్చుని ఉన్నారు. ముందున్న మలుపు వల్ల గూడ్సు డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా ఇదేమీ కనిపించదు. అటువంటప్పుడు ఎర్రజెండా పట్టుకుని ఎదురెళ్ళి ఆపాలి. మరో దారి లేదు. అందుకే జెండా తీసుకుని దిగి పరుగెత్తింది.

గొట్టం దెబ్బకు భుజం ఎముక విరిగింది. బోర్లా పడింది. వెల్లకిలా తిరిగేలోపు కాళ్ళు వచ్చాయి. కడుపులో, వీపులో, నోటి మీద తన్నారు. ఎవరో జుట్టు పట్టుకుని తల ఎత్తి రాళ్ళకేసి కొట్టారు. ఒకడు ఆమె చేతిలోని జెండా లాక్కోవాలని చూశాడు. ఆమె వదల్లేదు. వేళ్ళ మీద బూటుకాలితో తొక్కాడు. అయినా వదల్లేదు.

హిందీలో చెప్పబోయింది. నోటినిండా నెత్తురు. పుట్టింది భిలాయిలో, చదివింది హిందీలో. కానీ ఆ దెబ్బల మధ్య ఆమెకు తెలియకుండానే ఇంట్లో మాట్లాడే తెలుగు బయటికి వచ్చింది.

"గూడ్సు వొచ్చేస్తోంది... అవతలి లైన్లో గూడ్సు... బాబూ, జనాన్ని లేపండి... పట్టాల మీంచి లేపండి..."

మళ్ళీ కొట్టడానికి గొట్టం ఎత్తిన కొర్నేలి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఏటీ? ఏటన్నావు?"

"జెండా... ఆపాలి... గూడ్సు..."

అతను వెనక్కి తిరిగి చూశాడు. బస్సు ముక్క. చుట్టూ జనం. వాళ్ళ కింద మెరుస్తున్న పట్టాలు. డోర్కాస్ ఉన్నది అందులోనే. బతికి ఉన్నా, చచ్చిపోయి ఉన్నా అందులోనే.

గొట్టం పారేశాడు. "ఛోడో! ఛోడో ఇస్కో! దూస్రీ గాడీ ఆ రహీ హై! పట్రీ సే హటో!" అని, ఆమెను వదలమని, ఇంకో బండి వస్తోంది పట్టాల మీంచి తప్పుకోమని గొంతు చిరిగేలా అరిచాడు. వెనకవైపు ఉన్న కొందరికి వినిపించింది. వాళ్ళు లేచి, దెబ్బలు తిన్నవాళ్ళను భుజాల కింద పట్టుకుని పట్టాల మీంచి లాగడం మొదలుపెట్టారు. కానీ ప్రసూన చుట్టూ ఉన్నవాళ్ళు వినే స్థితిలో లేరు.

"తూ కౌన్ హై? ఇస్కా రిష్తేదార్ హై క్యా?" అంటూ, ఆమె చుట్టమనుకుని ఒకడు కొర్నేలి మెడ పట్టుకున్నాడు. కొర్నేలి వాణ్ణి తోసేసి ఆమె మీద పడుకున్నాడు. రాళ్ళు అతని వీపు మీద పడ్డాయి. ఇందాక అతను పారేసిన గొట్టమే ఇంకొకడి చేతిలోకి వెళ్ళింది. అది అతని కుడి మోచేతి మీద దిగింది. ఎముక పుటుక్కుమంది. కొర్నేలి ఎద్దులా రంకె వేశాడు.

"లెగమ్మా! లెగు! నడు!"

ఎడమచేత్తో ఆమె నడుం పట్టుకుని పైకి లేపాడు. ఆమె ఎడమచేతిలో జెండా. ఇద్దరూ పట్టాల మధ్యన తూలుకుంటూ ముందుకు వెళ్ళారు. వెనకనుంచి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. అతను తన వీపును ఆమెకూ వాళ్ళకూ మధ్య అడ్డుగా ఉంచుకుంటూ నడిచాడు. రైలు కిటికీలోంచి ఎవరో ఫోనులో ఇదంతా తీస్తున్నారు.

మలుపులో గూడ్సు కనిపించింది.

ప్రసూన జెండా ఎత్తింది. చెయ్యి నిలవలేదు. కొర్నేలి తన చేత్తో ఆమె మణికట్టు కింద పట్టి నిలబెట్టాడు. గూడ్సు హారన్ పెద్దగా మోగింది. బ్రేకులు పడ్డాయి. అంత బరువున్న బండి, బొగ్గు నింపుకున్న పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, భూమి దడదడలాడుతుంటే వాళ్ళ మీదికి వచ్చింది. వెంటపడిన జనం కొట్టడం మానేసి పక్కకు దూకారు. కొర్నేలి ప్రసూనను లాక్కుని గట్టు మీదికి పడ్డాడు. ఇంజను వాళ్ళను దాటి వెళ్ళింది. జనం ఎక్కడి వాళ్ళక్కడ నిలబడిపోయి చూస్తున్నారు. అది మెల్లగా, మరీ మెల్లగా వెళ్ళి, బస్సు ముక్కకు చేరువలో, ఒక లారీ పట్టేంత దూరంలో ఆగింది.

బ్రేకుల చప్పుడు ఆగిపోయింది. బస్సు ముక్కలో ఎవరో ఏడుస్తున్నది మాత్రం వినిపించింది.

*

బస్సులో పదకొండుమంది చనిపోయారు. డోర్కాస్ బతికింది. ఎడమకాలు మోకాలి కిందినుంచి తీసేశారు.

ఆడవాళ్ళ వార్డులో ఆమెకు పక్క మంచం ప్రసూనది. భుజానికి పట్టీ, పక్కటెముకలకు కట్టు, రెండు పళ్ళు లేవు. కుడికన్ను మూసుకుపోయి ఉంది. స్పృహ బాగా వచ్చాక డోర్కాస్ ఆమె వైపు చాలాసేపు చూసింది.

"నువ్వేనామ్మా రైలు తోలింది?"

ప్రసూన అబద్ధం చెప్పాలనుకోలేదు. "నేనే అక్కా."

డోర్కాస్ ముఖం అటు తిప్పుకుంది. నర్సు వచ్చి సెలైన్ మార్చి వెళ్ళింది. ఆ తరువాత డోర్కాసే మళ్ళీ మాట్లాడింది.

"అద్దంలోంచి నిన్ను చూసేను. నీ మొహం కనిపించింది. నువ్వు ఆపడానికే చూసేవు."

"నేనూ మిమ్మల్ని చూసేనక్కా. వెనక తలుపు ఎందుకు తీయలేదు?"

"తీయడానికి ఉంటే కదా! తలుపుకి అడ్డంగా సీటు బిగించీసేరు. ఇంకో ముగ్గురు కూకుంటారని. బోల్టులేసీసేరు. గోళ్ళతోటి పీకేము." ఆమె చేతులు ఎత్తి చూపించింది. నాలుగు వేళ్ళకు గోళ్ళు లేవు. "నా పక్కన కూకున్నామె ఉతై ఊళ్ళో టీచరంట. నా చెయ్యి పట్టుకునే పోయింది."

ప్రసూన ఏడ్చింది. పక్కటెముకల నొప్పికి ఏడవడం కూడా కష్టమైంది.

ఆ మధ్యాహ్నం ప్రసూన తండ్రి రామచంద్రరావు వచ్చాడు. ప్లాంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఊరంతా చూస్తున్న వీడియో ఫోనులో తెచ్చాడు. అందులో ప్రసూన నేలమీద పడి ఉంది. ఒక మనిషి ఆమె మీద పడి దెబ్బలన్నీ కాచుకుంటున్నాడు. ఆమెను ఎత్తుకుని నడిపిస్తున్నాడు. టీవీల్లో అదే. సన్మానం చేస్తామని నాయకులు కబురు పెట్టారు.

"ఈయన మన తెలుగువాడేనటమ్మా. దేవుడిలా వచ్చేడు. ఒకసారి కాళ్ళకి దణ్ణం పెట్టి రావాలి," అన్నాడు రామచంద్రరావు. ప్రసూన ఫోను వెనక్కి ఇచ్చేసింది.

వీడియో ఆమె నేల మీద పడ్డాక మొదలైంది. అంతకు ముందుది అందులో లేదు. కానీ పడ్డాక తల తిప్పినప్పుడు, గొట్టం ఎత్తి పట్టుకున్న ముఖం ఆమె చూసింది.

అప్పుడే కొర్నేలి మగవాళ్ళ వార్డునుంచి, మెడలో కట్టుచెయ్యి వేలాడేసుకుని భార్యను చూడ్డానికి వచ్చాడు. పక్క మంచం మీద ఎవరున్నారో అతనికి ఎవరూ చెప్పలేదు. చూసి, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. రామచంద్రరావు లేచి వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. "నా పిల్లని బతికించేరు బాబూ," అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొర్నేలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

వాళ్ళింకా అలా ఉండగానే పోలీస్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, హిందీలో మర్యాదగా అడిగాడు. "మేడమ్, వీడియోలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టాం. పట్టుకుంటున్నాం. కానీ మొదలుపెట్టిందెవరో తెలియాలి. మొదటి దెబ్బ ఎవరు కొట్టారు?"

వార్డులో ఫ్యాను తిరుగుతోంది. కొర్నేలి నేలకేసి చూస్తున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. డోర్కాస్ మొగుడి ముఖం చూసింది, ప్రసూన ముఖం చూసింది, మళ్ళీ మొగుడి ముఖం చూసింది.

"అన్నయ్యా, మీరు చెప్తారా? నన్ను చెప్పమంటారా?" అంది ప్రసూన.

కొర్నేలి తల ఎత్తి ఇన్‌స్పెక్టర్‌ను చూశాడు.

"నానే. నానే కొట్టేను సార్. మైనే మారా. పహలా మైనే." తరువాత భార్య వైపు తిరిగాడు. "నువ్వు సచ్చిపోనావనుకున్నాను డోర్కాసూ. పిలిస్తే పలకలేదు. ఈవిడ పారిపోతందనుకున్నాను."

"దేంతోటి కొట్టేవు?"

"గొట్టం."

"ఇనపదా?"

అతను తల ఊపాడు.

"నాను సచ్చిపోతే?" డోర్కాస్ గొంతు లేచింది. వార్డంతా ఇటు తిరిగింది. "నాను సచ్చిపోతే ఆ పిల్లని సంపీడమేనా? ఎనకనుంచా? ఇనపగొట్టంతోటా? ఆ పిల్ల మనందరి కోసం పరిగెడుతుంటే?"

చేతికందిన నీళ్ళగ్లాసు విసిరేసింది. అది అతని ఛాతీకి తగిలి కింద పడింది. అతను కదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా కదిలాడు. ప్రసూన వైపు వంగి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఊరంతా ఇతన్ని హీరో అంటోంది. ఇతను లేకపోతే మీరు లేరు, ఇంకా ఎంతమందో లేరు. ఇది రాయాలా? ఆలోచించండి."

"వొదిలెయ్ అమ్మా," అన్నాడు రామచంద్రరావు. అతని ముఖం పాలిపోయి ఉంది. "ఎంతయినా కాపాడేడు కదా."

ప్రసూన ఒక్క కంటితో తండ్రిని చూసింది.

"నా భుజం విరిగింది నాన్నా. మళ్ళీ బ్రేకు హ్యాండిల్ పట్టుకోగలనో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. ఎవరు విరగ్గొట్టేరో నాకు తెలుసు. ఎవరు బతికించేరో కూడా తెలుసు. రెండూ రాయమనండి. ఒకటి వదిలేసి ఇంకోటి రాస్తే నేను సంతకం పెట్టను."

ఇన్‌స్పెక్టర్ రెండూ రాసుకున్నాడు. సంతకం ఎడమచేత్తో పెట్టింది.

*

కొర్నేలిని మిగతావాళ్ళతో పాటు అరెస్టు చేశారు. సన్మానాలు చేస్తామన్నవాళ్ళు ఆ తరువాత కనిపించలేదు. కొందరు ప్రసూనను తిట్టారు, ప్రాణం పోసినవాణ్ణే జైలుకు పంపిందని. ఆమె ఇంటి గోడ మీద బొగ్గుతో ఏదో రాసి పోయారు. రామచంద్రరావే బకెట్టు తెచ్చి కడిగాడు.

ప్రమాదం మీద జరిగిన విచారణలో బస్సు యజమాని తరఫు లాయరు రైలు మరీ వేగంగా వచ్చిందన్నాడు. రికార్డు తీసి చూస్తే వేగం ఉండవలసినంతే ఉంది. బస్సు బ్రేకులు నెలల తరబడి పనికిరాకుండా ఉన్నాయని మెకానిక్ ఒప్పుకున్నాడు. డోర్కాస్‌ను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆమె తన వేళ్ళు చూపించి, వెనక తలుపు గురించి చెప్పింది. లాయరు అడ్డు ప్రశ్నలు వేస్తే, "అయితే మీరొచ్చి ఆ సీటు మీద కూచోండి బాబూ, నేను బయటనుంచి బస్సుకి నిప్పెడతాను, తలుపు తీసుకుని రండి చూద్దాం," అంది. విచారిస్తున్న అధికారి ఆమెను వారించాడు. కానీ మర్నాటినుంచి ఊళ్ళో బస్సులన్నింటినీ ఆపి చూశారు. పదిహేడు బస్సుల్లో ఎమర్జెన్సీ తలుపులకు అడ్డంగా సీట్లున్నాయి. వాటిని రోడ్డు మీదే పీకించేశారు. యజమాని జైలుకు వెళ్ళాడు. పారిపోయిన డ్రైవరు చాలాకాలానికి దొరికాడు.

కొట్టినవాళ్ళ కేసు ఏడాదికి పైగా నడిచింది. కోర్టులో ప్రసూన ఇన్‌స్పెక్టర్‌కు చెప్పిందే చెప్పింది, మొదటి దెబ్బా, ఆ తరువాతదీ. మిగతావాళ్ళకు జైలుశిక్ష పడింది. కొర్నేలి నేరం ఒప్పుకున్నాడు. అప్పటికే లోపలున్న కాలాన్ని శిక్షగా లెక్కగట్టి, జరిమానా వేసి వదిలారు.

తీర్పు రోజున కోర్టు ఆవరణలో డోర్కాస్ చంకకర్రల మీద నిలబడి ఉంది. ప్రసూన మెట్లు దిగి వస్తుంటే పిలిచింది.

"డ్యూటీకి ఎక్కుతున్నావంట కదా?"

"సోమవారం నుంచక్కా. డాక్టర్ ఒప్పుకున్నాడు."

"భయం లేదా?"

"ఉంది."

డోర్కాస్ తల ఊపింది. "నాకూ బస్సెక్కాలంటే కాళ్ళు వొణుకుతాయి. ఉన్న ఒక్క కాలూ. నిన్న ఎక్కేను. ఎనక తలుపు తీసి, మూసి చూసుకుని అప్పుడు కూకున్నాను. కండక్టరు తిట్టేడు. తిట్టనీ."

కొర్నేలి ఆటో తీసుకొచ్చాడు. ప్రసూనను చూసి కొంచెం దూరంలోనే ఆగిపోయాడు. ఏడాదిలో అతని జుట్టు నెరిసిపోయింది.

"అమ్మా," అన్నాడు. "నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు."

ప్రసూన ఎడమచేత్తో తన కుడి భుజం పట్టుకుంది. అతన్ని చూడగానే భుజం ఎముకలో మళ్ళీ నొప్పి మొదలైంది.

"మిమ్మల్ని చూస్తే నాకింకా ఒళ్ళు జలదరిస్తుంది అన్నయ్యా. కోపం కూడా వస్తుంది. అది పోతుందో పోదో నాకు తెలీదు. కానీ ఆ రోజు నా చెయ్యి పడిపోతుంటే మీరు పట్టి నిలబెట్టేరు. అది కూడా నేను మర్చిపోలేదు."

అతను ముఖం తిప్పుకున్నాడు. డోర్కాస్ ఆటో ఎక్కడానికి తంటాలు పడుతుంటే, ప్రసూన వెళ్ళి చంకకర్రలు అందుకుంది. కొర్నేలి అటువైపునుంచి భార్య నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ఆమెను మెల్లగా లోపల కూర్చోబెట్టారు.